మొక్క, జన్యువు, కండరం: చేన్లో, ఇంట్లో చేసి చూసి నేర్చుకోవడం ఎలా

పదో తరగతి పిల్లలైనా, ఇంటర్ బైపీసీలో చేరి టెన్షన్ పడుతున్నవాళ్లైనా, నర్సింగ్ కోసమో డీఎస్సీ కోసమో చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టినవాళ్లైనా, జీవశాస్త్రం గురించి నేను చెప్పేది ఒక్కటే. ముందు వస్తువును చేతిలోకి తీసుకోండి, ఏం జరుగుతుందో మీ అంచనా రాయండి, చేసి చూడండి, లెక్కపెట్టండి, పుస్తకం ఆ తర్వాత తెరవండి. ఈ వరుస తారుమారైతే నిర్వచనం నోటికొస్తుంది గానీ ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే చేతులెత్తేస్తాం. ల్యాబ్ లేదని బెంగ అక్కర్లేదు. నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఉన్నవాళ్లకు పల్లి చేను, పత్తి చేను, బత్తాయి తోట, ఊళ్లో చికెన్ షాపు ఉన్నాయి, మూడు పాఠాలకూ ఇవి సరిపోతాయి.

సామాను తక్కువే. ఒక నోట్‌బుక్, స్కేలు, దారం, రంగులేని నెయిల్ పాలిష్, సెల్లోటేపు, మెడికల్ షాపులో దొరికే అయోడిన్, స్పిరిట్, కిరాణా కొట్లో దొరికే ఫుడ్ కలర్, బట్టల క్లిప్పు ఒకటి. బడిలో మైక్రోస్కోప్ ఉంటే సార్‌నో మేడమ్‌నో అడిగి వాడుకోండి, అడిగితే కాదనేవాళ్లు తక్కువ. లేకపోతే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన, కాగితాన్ని మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్ అయినా చాలు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో అంచనా, కుడి పేజీలో జరిగింది రాయండి. అంచనా తప్పితే కొట్టేయకండి, రబ్బరుతో చెరపకండి. తప్పిన అంచనా పక్కన "ఎందుకు?" అని రాసి ఉంచండి, మీరు పుస్తకంలో వెతకాల్సింది దానికి జవాబే.

మొక్కలో నీళ్లతో మొదలుపెట్టండి

ఆలుగడ్డను చిప్స్‌కు కోసినట్టు పొడుగ్గా, సరిగ్గా 5 సెంటీమీటర్లు ఉండేలా రెండు ముక్కలు కోయండి. ఒకటి మామూలు నీళ్లలో, ఇంకోటి బాగా ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచి పొద్దున మళ్లీ కొలవండి. ఉప్పునీళ్లలోది మెత్తబడి వంగుతుంది, కొంచెం పొట్టిదవుతుంది, మామూలు నీళ్లలోది బిగిసి పుటుక్కున విరుగుతుంది. కణం పైపొర గుండా నీళ్లు, గాఢత ఎక్కువున్న వైపుకు పోయాయి. ఇదే ద్రవాభిసరణం. యూరియా మొదలుకు ఆనించి ఎక్కువగా వేస్తే మొక్క మాడిపోతుందని మీ నాన్న చెప్పే ఉంటాడు. నేలలో లవణం ఎక్కువై వేరులోని నీళ్లే బయటికి లాగబడతాయి. పాఠం పేరు వేరైనా అక్కడ జరిగిందీ, మీ గిన్నెలో జరిగిందీ ఒకటే.

తర్వాత తెల్ల చేమంతి పువ్వును కాడతో తెచ్చి, కాడను నీళ్లలో ముంచి ఉంచే ఏటవాలుగా కోసి (బయట కోస్తే గాలి బుడగ అడ్డం పడుతుంది), నీలం ఫుడ్ కలర్ కలిపిన గ్లాసులో పెట్టండి. కొన్ని గంటల్లో రేకుల మీద నీలం గీతలు కనిపిస్తాయి. కాడను బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే చుక్కలు చుక్కలుగా రంగు పట్టి ఉంటుంది. ఆ చుక్కలే దారువు, అంటే నీటి గొట్టాలు. అదే రోజు పొద్దున వేపకొమ్మకు ఆకులతో సహా ఒక పాలిథిన్ కవర్ తొడిగి మూతి బిగించి కట్టండి, సాయంత్రానికి కవర్ లోపల నీటి చుక్కలు ఉంటాయి. రెండూ కలిపి చూడండి: ఆకుల నుంచి నీళ్లు ఆవిరైపోతుంటే, ఆ లాగుడుకే కింద నుంచి నీళ్లు పైకి వస్తున్నాయి. వేరు తోస్తే ఎక్కుతాయని చాలామంది రాస్తారు. అంత పెద్ద చెట్టుకు ఆ తోపుడు చాలదు.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చాలామంది చూసే ఉంటారు. వందల ఏళ్ల ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, 2018లో సెలైన్ బాటిళ్లు వందల సంఖ్యలో వేలాడదీసి, నీళ్లు కలిపిన పురుగుమందును కొమ్మల్లోకి చుక్కచుక్కగా ఎక్కించారు. చెట్టుకు గుండె లేదు, పంపు లేదు, మరి మందు ఎలా పాకిందో మీ చేమంతి ప్రయోగం చూసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈసారి అక్కడికి వెళ్తే ఊడలను కూడా నిదానంగా చూడండి. కొమ్మ నుంచి దిగిన వేరు నేలను పట్టి, లావై, చివరికి మానులాగే నిలబడుతుంది. వేరు ఎప్పుడూ నేలలోనే మొదలవుతుందన్న మాట అక్కడ చెల్లదు.

ఆకు రంధ్రాలు చూడాలంటే మందారాకు అడుగున నెయిల్ పాలిష్ పలుచగా పూసి, బాగా ఆరనిచ్చి, దానిమీద సెల్లోటేపు అంటించి మెల్లగా లాగి, గాజుపలక మీద అతికించండి. ఆకుపైన కూడా ఇలాగే ఒకటి తీయండి. 100 రెట్లు పెద్దగా చూపే లెన్సులో పెదాల జంటల్లాంటివి కనిపిస్తాయి. పైన ఎన్ని, అడుగున ఎన్ని అని కళ్లముందున్న వలయంలో లెక్కపెట్టి రాయండి. అడుగున ఎక్కువ ఎందుకుంటాయో ఎండాకాలం మధ్యాహ్నం పాలమూరు చెలకలో నిలబడితే తెలుస్తుంది. నాగజెముడు, కలబంద లాంటివైతే ఆ రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, నీళ్లు మిగుల్చుకోవడానికి.

పిండిపదార్థం పరీక్షకు చిక్కుడు ఆకు మంచిది. చెట్టుకే ఉన్న ఆకుకు మధ్యలో నల్లకాగితం పట్టీని పైనా కిందా వేసి క్లిప్పు పెట్టి రెండు రోజులు వదిలేయండి. రెండో రోజు మధ్యాహ్నం కోసి, మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి తీయండి. ఇప్పుడు స్టవ్ పూర్తిగా ఆపేయండి, ఈ మాట మాత్రం మర్చిపోవద్దు, స్పిరిట్ ఆవిరి కూడా అంటుకుంటుంది. చిన్న గ్లాసులో స్పిరిట్ పోసి ఆకు వేసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. ఆకుపచ్చ స్పిరిట్‌లోకి దిగి ఆకు పాలిపోతుంది. నీళ్లలో కడిగి పళ్లెంలో పరిచి అయోడిన్ చుక్కలు వేస్తే ఎండ తగిలిన చోట నీలినలుపు, పట్టీ ఉన్నచోట అయోడిన్ పసుపు రంగే. చిన్నపిల్లలైతే పెద్దవాళ్లు పక్కన ఉండి చేయించండి.

పల్లి మొక్కను పీకి చూడండి

ఈ పాఠం మొత్తంలో నాకు బాగా ఇష్టమైనది ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. యాసంగి పల్లి వేసి నలభై రోజులు దాటిన చేన్లో, తడి ఉన్నప్పుడు, పారతో చుట్టూ తవ్వి మట్టితో సహా ఒక్క మొక్కను ఎత్తండి. ఊరికే లాగితే చూడాల్సినవన్నీ తెగి నేలలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్లలో ముంచి మట్టి కరగనివ్వండి.

వేళ్లకు ఆవగింజంత, అంతకన్నా కొంచెం పెద్ద బుడిపెలు కనిపిస్తాయి. తెగులేమో అనుకుంటారు కొందరు, కాదు. అందులో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునే రూపంలోకి మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క నుంచి చక్కెర తీసుకుంటుంది. ఒక బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టు, ఆకుపచ్చగానో బూడిద రంగుగానో ఉంటే పని ఆగినట్టు. ఆ గులాబీ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది చుట్టమే, దానిలాగే ఇనుము పట్టుకుని ఉంటుంది, ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. నత్రజనిని మార్చే ఎంజైమ్‌కు ఆక్సిజన్ ఎక్కువైతే పడదు, బ్యాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. ఈ రెంటినీ సర్దేది ఆ ఎర్రని ప్రొటీనే. మొక్కలో రక్తంలాంటి రంగు చూసి మా దగ్గరికి వచ్చే పిల్లలు నోరు తెరుస్తారు, ఆ తర్వాత "నత్రజని స్థాపన" అన్న మాటను ఇంక మర్చిపోరు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కండరం దగ్గర మళ్లీ పని పడుతుంది.

అదే మొక్కకు ఆకుల మొదట్లోంచి కిందికి దిగే సన్నని పుల్లలు చూడండి. రైతులు ఊడలంటారు గానీ మర్రి ఊడల్లా ఇవి వేళ్లు కావు. పసుపు పువ్వు నేలపైనే పూసి, పరాగసంపర్కం జరిగాక, అండాశయాన్ని మొనలో పెట్టుకుని ఈ ఊడ నేలలోకి దిగుతుంది. అక్కడ చీకట్లో కాయ ఊరుతుంది. రెండు మూడు ఊడలకు దారం కట్టి నేలను తాకకుండా పైకి ఎత్తి ఉంచండి, వాటికి కాయ రాదు. ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం ఉండే ఎరువు) పూత, ఊడల దశలోనే ఎందుకు వేయమంటారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కాల్షియం నీటితోపాటు దారువులో పైకి పోతుంది, ఆకులు ఆవిరి వదులుతాయి కాబట్టి అటే పోతుంది. భూమిలో ఉన్న కాయ నుంచి ఆవిరి పోదు, కాబట్టి పైనుంచి దానికి కాల్షియం రాదు. చుట్టూ ఉన్న మట్టిలోంచి కాయే నేరుగా పీల్చుకోవాలి. అందుకే జిప్సం ఊడ దిగే చోట వేస్తారు, తక్కువైతే తాలు కాయలు. వేపకొమ్మకు కట్టిన పాలిథిన్ కవర్ పాఠం పల్లి దిగుబడి దాకా వచ్చిందన్నమాట.

జన్యువు: ముందు చేత్తో సంకరం చేయండి

పెరట్లో సొరతీగ ఉంటే సాయంత్రం పూలు విచ్చుకునేటప్పుడు వెళ్లండి. పువ్వు కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా రాయండి, కాడకు రంగుదారం కట్టండి. వారంలో ఆ పిందె ఎదుగుతుందో, దారం కట్టనివి రాలుతున్నాయో చూసి రాసుకోండి.

పత్తిలో ఇంత సులువు కాదు, ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ చేసేవాళ్లు మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులనూ కేసరాల గొట్టాన్నీ ఒలిచేసి, కీలాన్ని (పుప్పొడి అందుకునే ఆడభాగాన్ని) మాత్రం గీత పడకుండా వదిలేస్తారు. మర్నాడు పొద్దున ఇంకో రకం మొక్క నుంచి తెచ్చిన పువ్వుతో దాన్ని అద్దుతారు, ఒక మగపువ్వు నాలుగైదు మొగ్గలకు సరిపోతుంది. ఆ వేగం, ఆ గోటి పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. 1856 నుంచి 1863 దాకా, జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ తన మఠం తోటలో బఠాణీ మీద చేసింది సరిగ్గా ఈ పనే. సెలవురోజు ఒక పూట వెళ్లి చూడండి, మందు కొట్టిన చేన్లోకి మాత్రం ఆ రోజు అడుగుపెట్టొద్దు. ఈ పనికోసం పిల్లలను బడి మాన్పించడం మాత్రం తప్పు, గట్టిగా చెప్తున్నాను.

ఇక్కడ మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న: ఏటా కొత్త ప్యాకెట్టే ఎందుకు కొనాలి, హైబ్రిడ్ పత్తి గింజలు దాచి వేస్తే ఏమవుతుంది? అంచనా రాశాక రెండు రూపాయి బిళ్లలు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. బొమ్మ అంటే బహిర్గత లక్షణం, బొరుసు అంటే అంతర్గత లక్షణం. రెండూ హైబ్రిడ్‌లే కాబట్టి ఒక్కోదానిలో బొమ్మా ఉంది, బొరుసూ ఉంది. రెండూ కలిపి వందసార్లు ఎగరేసి గీతలు గీయండి. రెండు బొమ్మలు, ఒక బొమ్మ ఒక బొరుసు, రెండు బొరుసులు. వంద పూర్తయ్యేసరికి సుమారు 25, 50, 25 దగ్గరికి వస్తుంది. బొమ్మ ఒక్కటున్నా ఆ లక్షణమే బయటికి కనిపిస్తుంది కాబట్టి 75కు 25, అంటే 3:1. మొదటి ఇరవైలో లెక్క అటూ ఇటూ ఉంటుంది, కంగారు పడకండి, మధ్యలో ఆపకండి. మెండెల్ 7,324 గింజలు లెక్కపెడితే గుండ్రనివి 5,474, ముడతలవి 1,850 వచ్చాయి. అన్ని లెక్కపెట్టాడు కాబట్టే నిష్పత్తి కనబడింది.

పత్తి ప్రశ్నకు జవాబు ఇదే. ప్యాకెట్‌లోని మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి, వాటి గింజలు వేస్తే రెండో తరంలో గుణాలు విడిపోతాయి, ఒకటి ఏపుగా ఒకటి గిడసగా, పురుగును తట్టుకునే బీటీ గుణం కూడా కొన్నింటిలో ఉండదు. అదే వరిలో తెలంగాణ సోనా హైబ్రిడ్ కాదు, సొంత పుప్పొడితోనే గింజకట్టే స్థిరమైన రకం, కాబట్టి కల్తీ లేకుండా చూసుకుంటే విత్తనం దాచుకోవచ్చు.

ముడతల బఠాణీకి ఇంకో మాట. అందులో పిండిపదార్థం కట్టే ఒక ఎంజైమ్ జన్యువు చెడిపోయి ఉందని 1990లో తేలింది. పిండి తక్కువై చక్కెర మిగిలిపోతుంది, చక్కెర ఎక్కువుంటే గింజ నీళ్లు ఎక్కువ లాగుతుంది, ఎండినప్పుడు ఆ నీళ్లన్నీ పోయి ముడతపడుతుంది. ఆలుగడ్డ ముక్క, అయోడిన్ చుక్క, మెండెల్ లెక్క మూడూ ఒక్క గింజలో ఉన్నాయి. పాఠాలను విడివిడిగా చదివితే ఇది కనబడదు.

నల్లగొండ బత్తాయి తోటలోకి వెళ్తే దీనికి రెండో వైపు చూడొచ్చు. సాత్‌గుడి బత్తాయి కన్నును (చిగురు వచ్చే మొగ్గను) రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటు కడతారు. అంటు గీత వెతికి పట్టుకోండి. దానిపైన ఉన్నదంతా తల్లిచెట్టు జన్యువులతోనే ఉంటుంది, కింద వేరంతా నిమ్మది. రసం పైకి కిందికి పోతుంది గానీ జన్యువులు కలిసిపోవు. గీత కింద నుంచి చిగురు వస్తే అది నిమ్మకొమ్మే, బత్తాయి కాయదు, అందుకే రైతులు గిల్లేస్తారు.

ఇప్పుడు మీ ఇంటి వంశవృక్షం గీయండి

మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి అడ్డగీత, పిల్లలకు నిలువుగీత. అమ్మమ్మ తాతయ్యల దాకా వెళ్లండి. నాలుక మడతపెట్టడం, చెవి తమ్మె అతుక్కుని ఉండడం లాంటివి రాయమని చాలా గైడ్లలో ఉంటుంది. వదిలేయండి, అవి ఒక్క జన్యువుతో తేలేవి కావు, అచ్చం ఒకేలా ఉన్న కవలల్లో కూడా తేడా వస్తుంది. రక్తం గ్రూపు రాయండి. తల్లి ఓ, తండ్రి ఏబీ అయితే పిల్లలు ఏ గానీ బీ గానీ అవుతారు. లెక్క కుదరకపోతే ఎవరినీ అనుమానించొద్దు, ముందు గ్రూపు మళ్లీ పరీక్ష చేయించండి. 1952లో ముంబయిలో గుర్తించిన, మామూలు పరీక్షలో ఓ లాగా కనిపించే బాంబే గ్రూపులాంటి అరుదైనవి కూడా ఉంటాయి.

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి వృక్షంలో చుట్టరికపు పెళ్లికి జంటగీత గీయండి. మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి, బావామరదళ్లకు ఎనిమిదో వంతు. మేనరికం జబ్బును పుట్టించదు. ఇద్దరిలోనూ ఒకే తాత నుంచి వచ్చిన ఒకే దాగిన జన్యువు, అంటే మన బొరుసు, ఉండే అవకాశాన్ని పెంచుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసేమియా జబ్బు ఇలాంటిదే. భార్యాభర్తలిద్దరూ దాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇంక ముగ్గురికి రాదు" అని పెద్దవాళ్లు ధైర్యం చెప్తుంటారు. అది నిజం కాదు. నాణేనికి పోయినసారి ఏం పడిందో గుర్తుండదు, ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుంది. పెళ్లికి ముందో, కాన్పుకు ముందో రక్తపరీక్షతో ఇద్దరూ మోస్తున్నారో లేదో తెలుస్తుంది, డాక్టర్‌ను అడగండి.

ఆడపిల్ల పుట్టిందని కోడలిని అనే ఇళ్లలో కూడా ఈ వృక్షం గీసి చూపించండి. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే, ఎక్స్‌తో పాటు వైని కూడా మోసేది తండ్రి, ఆయన నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. ఎవరి వల్ల అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీదే ఉంది.

కండరం దగ్గరికి వద్దాం

బల్ల కింద అరచెయ్యి పెట్టి పైకి ఎత్తబోయినట్టు నెట్టండి, రెండో చేత్తో దండచేయి ముందు భాగం పట్టుకోండి, గట్టిపడింది. ఇప్పుడు బల్లమీద చెయ్యి పెట్టి కిందికి నొక్కండి, ఈసారి వెనక భాగం గట్టిపడింది. కండరం లాగగలదు, నెట్టలేదు. అందుకే ప్రతి కీలుకూ జంటగా ఉంటాయి.

చికెన్ షాపులో పాదంతో సహా ఒక కోడి కాలు అడగండి. పాదం పైన తోలు చీరితే తెల్లగా, మెరుస్తూ గట్టి దారాలు కనిపిస్తాయి. అవి స్నాయుబంధనాలు, కండరాన్ని ఎముకకు కట్టేవి. వెనకవైపు దారాన్ని పట్టకారుతో లాగితే వేళ్లు ముడుచుకుంటాయి, ముందువైపుది లాగితే విచ్చుకుంటాయి. వేలు కదిలింది గానీ వేలిలో కండ లేదు, పని చేసే కండరం పైన పిక్కలో ఉంది. మీ వేళ్లను ఆడిస్తూ ముంజేతిని పట్టుకుని చూడండి, మీకూ అంతే. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోవద్దు.

అదే కోడి రొమ్ము మాంసం తెల్లగా, తొడ ముదురుగా ఉంటుంది, నాటుకోడిలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తొడకు ఆ ఎరుపు ఇచ్చేది రక్తం కాదు, మయోగ్లోబిన్. పల్లి వేరు బుడిపెలో చూసిన గులాబీ ప్రొటీన్ కుటుంబమే ఇదీ. రోజంతా నిలబడి నడిచే కండరానికి ఆక్సిజన్ నిల్వ కావాలి, అప్పుడప్పుడు రెక్కలు టపటపలాడించే రొమ్ముకు అంత అక్కర్లేదు. మరి పావురం రొమ్ము ఏ రంగులో ఉంటుంది? అంచనా రాయండి. ముదురెరుపే, అది దూరాలు ఎగురుతుంది.

లోపల ఏం జరుగుతుందో చూడాలంటే రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, వేళ్ల కొసలు ఒకదాని సందుల్లోకి ఒకటి కొంచెం దూర్చి, మెల్లగా లోపలికి జరపండి. చేతుల మధ్య దూరం తగ్గింది గానీ ఏ వేలూ పొట్టిది కాలేదు. కండరంలోని ఆక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్ పోగులు ఇలాగే ఒకదానిమీద ఒకటి జారుతాయని 1954లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. నాడి నుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు కండరకణంలో కాల్షియం విడుదలై ఆక్టిన్ మీద పట్టు దొరికే చోట్లను తెరుస్తుంది, మయోసిన్ తల దాన్ని పట్టుకుని లాగుతుంది. పట్టు వదలాలంటే ఏటీపీ, అంటే కణం శక్తికి వాడుకునే పదార్థం, కావాలి. పట్టుకోవడానికి కాదు, వదలడానికి, ఈ తేడాను పరీక్షలో చాలామంది తిప్పి రాస్తారు. చనిపోయాక ఏటీపీ తయారు కాదు, పట్టు వదలదు, అందుకే శరీరం బిగుసుకుంటుంది. యాటను కోసిన కొద్ది గంటల్లో, మాంసం బిగిసి ఉన్నప్పుడే వండితే ముక్క గట్టిగా ఉండేదీ ఇందుకే.

ఏటీపీని కండరం నుంచి వేరుచేసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికి తీశారు, అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా. కబడ్డీలో కూతకెళ్లి ఒక్క ఊపులో గీత దాటే ఆ కొన్ని సెకన్లకు ఏటీపీని వెంటవెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటినే. పది సెకన్లు దాటితే అది అడుగంటుతుంది, గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా విడగొట్టే దారి ముందుకొస్తుంది, ఇంకా సాగితే ఆక్సిజన్‌తో నడిచే నిదానపు దారి.

దీన్ని బట్టల క్లిప్పుతో కొలవండి. బొటనవేలు, చూపుడువేలుతో 30 సెకన్లు ఆపకుండా నొక్కి లెక్క రాయండి, విశ్రాంతి లేకుండా అయిదుసార్లు. సంఖ్య ఎలా పడిపోతుందో గ్రాఫ్ గీయండి. బాగా సేదతీరాక, చేతిని చల్లటి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి మళ్లీ చేయండి. మొదటి రౌండుకే లెక్క తగ్గుతుంది, చలికి ఎంజైమ్‌లూ నాడులూ నెమ్మదిస్తాయి కాబట్టి. ఇంట్లో కూలిపని చేసేవాళ్లుంటే వాళ్లచేత కూడా చేయించి పక్కన రాయండి. పని చేసిన కండరంలో కండరకణాలు ఒక్కోటీ లావవుతాయి, కొత్త కణాలు పుట్టి పెరగడం కాదు.

చివరగా ఒళ్లు నొప్పుల సంగతి. నల్లమలలో సలేశ్వరం జాతరకు లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి వచ్చినవాళ్లకు మర్నాడో ఆ మర్నాడో తొడలు పట్టేస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుందని అందరూ చెప్తారు, కానీ అది నడక ఆగిన గంటా రెండు గంటల్లోనే పోతుంది, రెండో రోజు నొప్పికి అది కారణం కాదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, ఆ పనిలో పోగులకు సన్నని చిరుగులు పడతాయి, అవి మానేటప్పుడు వచ్చేదే ఈ నొప్పి. ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ నొప్పి పెడుతుందని మీ నోట్‌బుక్‌లో అంచనాగా రాసుకుని, ఏదైనా గుట్ట ఎక్కి దిగినప్పుడు ముందు తొడ, పిక్క విడివిడిగా ఎంత నొప్పి ఉన్నాయో మూడు రోజులు రాయండి. మామూలు నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది, మెల్లగా నడుస్తుంటే ఇంకా తేలిక. విపరీతంగా వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం ఇంట్లో కాపడాలు పెట్టుకుంటూ కూర్చోకండి, కండరం పగిలి అందులోని మయోగ్లోబిన్ కిడ్నీలకు చేరుతోందని అర్థం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.